అరిగిపోయిన అక్షరం

నవంబరంతా రబ్బరు బూట్లేసుకుని
పోర్హాలెన్ ఉప్పుమడుల గట్ల మీద తిరిగాను.
చంకలో నోటుబుక్కు,
కోటు జేబులో చల్లారిన ఉడకబెట్టిన బంగాళాదుంప.
బ్రిటనీ గాలికి చెవులు గడ్డకట్టాయి.
ఆ కథ కోసం.

అక్కడ అందరికీ తెలిసిందే.
ఏడు వందల గుర్రాలతో దండొచ్చింది ఇసుకదారిన.
ఊళ్ళో మగవాళ్ళు చర్చి అటకెక్కారు.
ఒక ఉప్పువాడి పెళ్ళాం
దంతె భుజాన వేసుకుని పోయి
పోటుతో మాట్లాడింది. ఏమందో ఎవరూ వినలేదు.
నీళ్ళు లేచి నిలబడ్డాయి తెల్లారేదాకా.
తరవాత కూర్చున్నాయి.
గుర్రాల్లేవు. దండు లేదు.
ఆమె నీడని సముద్రం
బాకీ కింద జమకట్టుకుంది.

అంతే. తోలుకాగితం మీద పదమూడు వాక్యాలు,
ఎవరో సన్యాసి జలుబు చేసిన చేతిరాత.
అందులో డ్యూకు గుర్రం రంగుంది,
గుర్రానికి పేరు కూడా ఉంది.
ఆమె మాత్రం ఉప్పువాడి పెళ్ళాం,
లాటిన్‌లో రెండు మాటలు.

నేను రాయాల్సింది నాలుగు వందల పేజీలు.
పేరు లేని మనిషిని
రెండో పేజీ దాకా కూడా మోయలేం.
పిలిస్తే పలకదు, రొట్టె ముందు కూర్చోదు.
రాత్రి దీపమార్పాక మొగుడు ఏమని పిలిచేవాడో తెలియకుండా
సముద్రం దగ్గరికి ఎలా పంపను?

పారిస్ నుంచి ఎడిటర్ ఫోను.
"డ్రాగన్‌ని మూడో అధ్యాయంలోకి లాక్కురండి మదామ్,
పాఠకులు ఆగరు."
డ్రాగన్ లేదండీ, నీళ్ళే.
"అయితే నీళ్ళకే పొలుసులు పెట్టండి."
పెట్టాను. ఇంటద్దె కట్టాలిగా.
అయినా ఆ పొలుసుల మీద వెన్నెల పడ్డ రాత్రి
రాస్తున్న నాకే లేచెళ్ళి
కిటికీ గడియ చూసుకోవాలనిపించింది.

పేరు రేవులో దొరికింది.
బురదలో పక్కకి ఒరిగిన పాత పడవ,
నీలం రంగు పెచ్చులూడిన ముక్కు.
ముందక్షరాన్ని ఉప్పు తినేసింది.
మిగిలింది, నెన్.
ముందొక 'ఒ' తగిలించాను.
మా లిపిలో అది తెరిచిన నోరు,
పోటుని కేకేయడానికి సరిపడేంత గుండ్రన.
ఒనెన్.
ఆ పూటే వెనక్కి తిరిగి చూసింది ఆమె, మొదటిసారి.

పుస్తకం వచ్చింది. కొన్నవాళ్ళు కొన్నారు.
తొమ్మిదేళ్ళయింది.

మొన్న బుధవారం అదే ఊరి సంతలో
చేపల మదామ్ ట్రెవిడిక్
సార్డీన్లు తూస్తూ మనవడితో అంటోంది,
"దండొచ్చినప్పుడు మన ఒనెన్ ఏం చేసిందనుకున్నావ్?"

చిల్లర లెక్కపెడుతున్న నా వేళ్ళు ఆగాయి.
ఆ పేరెక్కడిదండీ, అన్నాను.
బూట్ల నుంచి టోపీ దాకా చూసింది నన్ను.
"ఎక్కడిదేంటి? మా అమ్మమ్మ చెప్పింది.
ఆవిడకి వాళ్ళమ్మమ్మ.
మీరీ ఊరివాళ్ళు కాదులెండి."

పడవ సంగతి నోటిదాకా వచ్చింది.
నీలం రంగు, బురద, ఉప్పు తిన్న అక్షరం.
గుటక వేశాను.

"తరవాతో?" మనవడు.
"తరవాతేముంది, నీళ్ళకి వీపు పెట్టి
గట్టు మీద చతికిలబడింది.
నిలబడలేదుగా పాపం, మోకాళ్ళ నొప్పులు."

మోకాళ్ళ నొప్పులు!
తోలుకాగితంలో లేవవి. నేను రాయలేదు.
ఇరవయ్యేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన కాళ్ళు,
నాలుగు వందల పేజీలూ వాటి మీదే నడిపించి
ఒక్కసారైనా నొప్పా అని అడగలేదు.
పొలుసులు లెక్కపెడుతూ కూర్చున్నాను.

అరకిలో సార్డీన్లు చాలన్నాను.
పొట్లం చేతికొచ్చినా కదల్లేదు.
వెనక ఎవరో దగ్గారు, జరగమని.
బల్ల మీది ఐసు కరిగి
నా బూట్ల మీదికి కారుతుంటే
అక్కడే నిలబడ్డాను,
ఆ తరవాత ఏమైందో విందామని.