వంద కౌంటు

మొదటి రోజు ఏ ఆటా కొనను.
పుస్తెలమ్మైనా పులస తినమన్నారు పెద్దలు,
ప్రీ ఆర్డర్ పెట్టమని ఎవరూ అనలేదు.
ఎర్రనీరు తీసిందంటే పులస మళ్ళీ దొరకదు, సరే.
ఆట అలా కాదు.
ఆర్నెల్లు ఆగితే ధర సగానికి దిగుతుంది,
ముళ్ళు కూడా వాళ్ళే ఏరి పెడతారు.

ఆకివీడు దాటాక, ఉప్పుటేరు వైపు,
చెరువు గట్టు మీద రేకుల షెడ్డు నా ఆఫీసు.
సాయంత్రం దాకా ల్యాబు.
అర్ధరాత్రి నుంచి గంటకోసారి నీళ్ళలో ఆక్సిజన్ చూడాలి.
మధ్యలో మిగిలే యాభై నిమిషాలూ నావి,
మూత సగం విరిగిన నా లాప్‌టాప్‌వి.
అందుకే, పాజ్ లేని ఆట ఊరికే ఇచ్చినా వద్దు.

ఈ నియమం పుట్టింది పోయిన కార్తీకంలో.
కోటగోడ మీద రాక్షసుడికి ఇంకో వేలెడు ప్రాణం ఉందనగా
కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే ఆ నిశ్శబ్దం
చెవిలో కాదు, కడుపులో వినిపిస్తుంది.
అన్నీ వదిలేసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తాను.
గవర్రాజు అప్పటికే హ్యాండిల్ తిప్పుతున్నాడు.
తిరిగొచ్చేసరికి నేను చచ్చిపోయి ఉన్నాను,
తెర మీద ఎర్రటి అక్షరాల్లో.
రొయ్యలు బతికాయి.

గవర్రాజు ఆడడు, చూస్తాడు.
కొత్త ఆటలో సముద్రం అచ్చం సముద్రమేనని
లోకమంతా మెచ్చుకుంటుంటే
బీడీ ఆర్పి, తెర మీదికి వంగి,
"ఆయ్, రంగు బాగానే ఉందండి,
ఈ నీళ్ళలో మాత్రం సీడు వదలకండి మేడంగారూ, నిలవదు" అన్నాడు.
ఆ నీటి మెరుపు కోసమే
భీమవరం కొట్టువాడు ఎనభై వేల గ్రాఫిక్స్ కార్డు
అద్దాల బీరువాలోంచి తీసి రెండు చేతులతో చూపించాడు.
ముప్పై మూడు బస్తాల మేత!
మెరిసే నీళ్ళు నాకు జీతమిచ్చి మరీ చూపిస్తున్నారయ్యా, లోపల పెట్టు.

వంద గంటల ఆట అని గొప్పగా రాస్తారు.
మా దగ్గర వంద కౌంటంటే
కిలోకి వంద తూగే పీచు రొయ్య.
ముప్పై కౌంటుకైతే లారీ గట్టు దాకా తనే వస్తుంది.
ఆరు గంటల్లో అయిపోయిన ఆట ఒకటుంది నా దగ్గర.
లైట్‌హౌస్‌లో ఒక ముసలామె,
రోజూ ఒకే వేళకి వచ్చే పడవ, అంతే.
మూడొందలు పెట్టాను.
ఇప్పటికీ ఒక్కోసారి ఉప్పుటేరు మీద ఇంజను చప్పుడు వినపడితే
ఆమె తలెత్తినట్టే తలెత్తుతాను.

అదృష్టం పెట్టెలు అమ్మే ఆటల జోలికి పోను.
మా చిన్నాన్న తీర్థంలో గుండాట దగ్గర
గొడుగు బొమ్మ మీద మోటారు సైకిల్ కాశాడు.
వానలో నడిచొచ్చాడు.

ఇన్ని నీతులు చెబుతున్నాను గానీ
నాకు చెయ్యి తిరిగింది దొంగ సీడీల మీదే.
పాలకొల్లులో, మెట్ల కింద, త్రిమూర్తులు గారి నెట్ సెంటరు.
ముప్పై రూపాయలు, నీలం పెన్నుతో రాసిన పేరు,
అందులోనూ ఒక అక్షరం తప్పు.
ఎన్నిసార్లు వెళ్ళినా వంతెన మధ్యలో
ఆట బిగుసుకుపోయేది.
తొమ్మిదో తరగతి వేసవంతా ఆ వంతెనకి ఇవతలే ఉన్నాను.
అవతల ఏముందో నేనే కట్టుకున్నాను:
ఒక రేవు, బురదలో చెక్కలు,
కదలబోతున్న పంటు,
చెవి మీద పెన్సిలుతో టికెట్లు చింపే మనిషి.

మొదటి జీతంతో అసలుది కొన్నాను,
అప్పు తీర్చినట్టు. నూట పంతొమ్మిది రూపాయలు.
త్రిమూర్తులు గారు పోయారని ఆ వారమే తెలిసింది.
వంతెన దాకా వెళ్ళాను.
ఈసారి ఏదీ బిగుసుకోలేదు, జెండా కూడా గాలికి ఊగుతోంది.
అక్కడే సేవ్ చేసి
మూత వేశాను.

"అవతలికెళ్ళలేదేంటండి?" అంటాడు గవర్రాజు,
ఏడాదిగా, వారానికోసారి.
మీటరు ఎంతుందో చూడమంటాను.
నాలుగు పాయింటు రెండు.
తెల్లారేదాకా ఫర్వాలేదు.