సరిజోడు

తెల్లారకముందే హార్బరుకి తరిమేవారు నన్ను
హైమవతి మేడం, చేతికి మంచుముక్కల ఫ్లాస్కిచ్చి.
"మగ కోనాం చూసి తే నూకరాజూ,
తెల్లజన చెడకూడదు."

గరికిన పోలమ్మ నవ్వేది.
"చేపొదిలేసి జన కొంతారా?
మీ కాలేజీవోళ్ళకి మతి చెడిపోనాదేటి!"

చెప్పినా నమ్మేది కాదు.
ఉప్పునీళ్ళలో కరిగి, చల్లటి స్పిరిట్ తగలగానే
గాజుకడ్డీకి చుట్టుకుని పైకొచ్చేది
తడి నూలుపోగులా
కోనాం కోనాంగా పుట్టడానికి కావలసిన రాతంతా.

మేడం దాన్ని యాసిడ్‌లో ఉడికించేవారు.
ఎంత ఉడికించినా నాలుగే రకాల ముక్కలు.
వడపోత కాగితం మీద చుక్కపెట్టి
జాడీలో వేలాడదీసి, ఇంటికి పొమ్మనేవారు.
నేను పోయేవాణ్ణి కాను.
కాగితంలో తడి చీమనడకన దిగుతుంటే
కిటికీలో డాల్ఫిన్స్ నోస్ దీపం
వెలిగేది, మానేది.

శ్రావణమాసం వాల్తేరు గాలికి ఏదీ ఆరదు.
మూడుసార్లు మచ్చలు అలుక్కుపోయాయి.
నాలుగోసారి కరెంటు పోయింది.
ఐదోసారి, నీలిదీపం కింద
నాలుగు నల్లటి నీడలు.
పెన్సిలుతో చుట్టూ గీసి, కత్తిరించి, కొలిచి
నోటుబుక్కులో ఎక్కించారు:
అడినిన్ నూటికి ఇరవైతొమ్మిది, ఆపైన కాస్త.
థైమిన్ ఇరవైతొమ్మిదికి కాస్త తక్కువ.
గ్వానిన్ ఇరవైఒకటి. సైటోసిన్ దాని పక్కనే,
భుజం రాసుకుంటూ.

"కొత్తదేం కాదు" అన్నారు.
"ఎక్కడో దూరదేశంలో ఒకాయన
ఈ జోళ్ళ లెక్క ఎప్పుడో తేల్చాడు.
మెలికల నిచ్చెన వేరేవాళ్ళు కట్టారు.
పుస్తకాల్లో బొమ్మలన్నీ నిచ్చెనవే.
లెక్కకి బొమ్మేం వేస్తారు?"

"మరి మనమెందుకండీ ఇంత తిప్పలు పడ్డం?"

"మన సముద్రాన్ని కూడా
ఒకమాట అడగొద్దూ?"

ఆ మర్నాడు హార్బర్లో
పోలమ్మ కానాగంతలు లెక్కపెడుతోంది,
చేతికి రెండేసి చొప్పున బుట్టలోకి విసురుతూ,
జత, రెండు జతలు, మూడు...
ఎన్నేళ్ళుగా వింటున్నానో ఆ లెక్క!
ఆ రోజే చెవిన పడింది.

పరుగున వచ్చి అడిగాను.
"సరిజోడైతే, ఆ కాస్త తేడా ఏంటండీ?
ఒకదానికెక్కువ, ఒకదానికి తక్కువ?"

మేడం చేతులు కడుక్కుంటున్నారు.
స్పిరిట్‌కి తోలులేచిన వేళ్ళు
వెలుగులో పెట్టి చూసుకుని అన్నారు:
"అది నా చేతిలో పోయింది నూకరాజూ,
చేపలో కాదు."

ఫ్లాస్కు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.
మజ్జిగ పోస్తాం.
ఎండపూట మూత తీస్తే
ఇంకా కొంచెం నీచువాసన.