ఏప్రిల్ గడి

రాత్రి రెండూ నలభైకి
స్టువర్ట్ హైవే పక్కన పడి ఉంటే చూసి
ఎవరో లారీ డ్రైవరు
పోర్ట్ ఆగస్టా ఆసుపత్రిలో దింపి వెళ్లిన మనిషి.
గడ్డం నిండా ఎర్రమట్టి.
జేబులో ఒక టార్చి, రెండు బిస్కెట్లు, మెడికేర్ కార్డు.
కార్డు మీద పేరు యోసిప్ వుకెలిచ్.
పిలిస్తే పలకడు.
రక్తపోటు డెబ్భై దాటదు, చక్కెర అడుగంటింది,
సెలైన్ ఎంత పోసినా
ఇసుకలో పోసినట్టే.

రక్తంలోకి పాకిన చీమా, గుండెపోటా, ఏదైనా మింగాడా?
నేను చదివిన జబ్బులన్నీ
గుమ్మం దగ్గర నేనంటే నేనని తోసుకుంటున్నాయి.
అడగడానికి వెంట ఎవరూ రాలేదు.

లోరెయిన్ కార్డు నంబరు కొట్టింది.
తెర కాసేపు తెల్లగా నిలబడి
చీకటింట్లో ఒక్కో గదికీ దీపం పెట్టినట్టు
తెరుచుకుంది.

గుంటూరులో నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు
ఇవన్నీ బట్టలషాపు సంచిలో వచ్చేవి.
పసుపంటిన చీటీలు, మడతల దగ్గర చిరిగిన రిపోర్టులు,
రాసినవాడికి తప్ప అర్థంకాని మందుల పేర్లు.
సంచి బస్సులో మరిచిపోతే
ఆ మనిషి మళ్లీ మొదట్నించి
జబ్బుపడాలి.

ఇక్కడ సంచి లేదు.
ఆరేళ్ల కిందట అడిలైడ్‌లో డాక్టర్ ఫామ్,
ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు,
ఇలా రాసిపెట్టాడు:
అడ్రినల్ గ్రంథులు పనిచేయవు.
స్టెరాయిడ్ మాత్ర రోజూ, బతికినన్నాళ్లూ. ఆపితే ప్రమాదం.
దాని కింద మందులషాపు లెక్క, నెలకొక గడి.
జనవరి, ఇచ్చాం.
ఫిబ్రవరి, ఇచ్చాం.
మార్చి, ఇచ్చాం.
ఏప్రిల్,

ఇవాళ ఇరవై ఏడు.

రాసింది చదవడమే నేర్పారు నాకు.
రాయనిదాన్ని చదివించింది ఆ గడి.

హైడ్రోకార్టిసోన్, వంద మిల్లీగ్రాములు, నరంలోకి.
తర్వాత చేసేదేం లేదు, అంకెల్ని చూస్తూ నిలబడటమే.
డెబ్భై నాలుగు.
డెబ్భై నాలుగే.
ఎనభై ఒకటి.
లోరెయిన్ ఎప్పుడో పెట్టిన టీ మీద మీగడ కట్టింది.
తొంభై ఆరు.

ఇంకో చోట మూడేళ్ల నాటి మాట,
కూబర్ పీడీ క్లినిక్ నర్సు డెనీస్ హాలోరన్ రాసింది:
గనిలో పేలుడుకి ఎడమ చెవి పోయింది.
అన్నీ విన్నట్టే తలూపుతాడు, నమ్మకండి.
కుడివైపు నిలబడండి.
అప్పటిదాకా నేను అరుస్తున్నది ఎడమవైపు.
మంచం చుట్టూ తిరిగి వచ్చాను.

ఒక్క కాగితానికి మాత్రం తాళం ఉంది.
అతనే వేసుకున్నాడట.
ప్రాణం మీదికొస్తే తీసే హక్కు నాకుంది.
అంత అవసరం పడలేదు.
మూసిన తలుపు ముందు
చెప్పుల చప్పుడు కాకుండా దాటినట్టు
దాటి వచ్చేశాను.

తెల్లవారాక కళ్లు తెరిచి అన్నాడు:
"గారా చచ్చిపోయింది."
గారా అంటే కుక్క. నల్లదట, పదమూడేళ్లదట.
దాని తిండికే నెలకోసారి బండి తీసి ఊళ్లోకి వచ్చేవాడు,
ఆ దారినే తన మాత్రలూ.
అది పోయాక ఊరితో పనేముంది?
ఉన్న మాత్రల్ని సగం చేశాడు, ఆ సగాన్ని సగం చేశాడు.

ఈ సంగతి డాక్టర్ ఫామ్ రాతలో లేదు.
షాపు లెక్కకి తెలియదు.
నా చేతికొచ్చిన ఫారంలో
సోడియానికి గడి ఉంది, పొటాషియానికి ఉంది,
కుక్కకి లేదు.

"ఇతర వివరాలు" అన్నచోట రాశాను:
కుక్క చనిపోయింది. ఇక ఊళ్లోకి రాకపోవచ్చు.
మందులు ఎవరిచేతైనా పంపండి.
వెళ్లినవాళ్లు కాసేపు కూర్చోండి. కుడివైపు.

మీట నొక్కాను.
ఐదువందల నలభై కిలోమీటర్ల పైన
ఇంకా తాళం తీయని క్లినిక్‌లో అది పడి ఉంటుంది.
డెనీస్ ఇప్పటికీ అక్కడే పనిచేస్తోందో లేదో.
ఎవరో ఒకరు, కోటు తగిలించి,
మొదటి కప్పు కాఫీతో తెరుస్తారు.
నేను డ్యూటీ దిగి
కారు అద్దం మీది ఎర్రదుమ్ము తుడుచుకున్నాను.