నాలుగున్నర బొక్కలు

చిత్త కార్తె ముసురు పట్టి మూడొద్దులు.
కొత్తకోట బస్టాండు ఎనుక మా కిరాయింట్ల
గ్యాసు పొయ్యి పక్కన సర్వ తోమి బోర్లేసిన.
కుర్మూర్తి జాతర ఇంక పదొద్దులుందనంగనే
దిగిండు మా తమ్ముడు కుర్మయ్య.
తడిసిన చెప్పులు గడప బయట ఇడిసి
"అక్కా, సర్వపిండి" అన్నడు,
మంచిగున్నవా అని అడగకముందే.

బియ్యప్పిండి, నానిన శెనగపప్పు,
నువ్వులు, ఉల్లాకు, జీలకర్ర,
కంట్లె నీళ్లొచ్చేంత కారం.
పల్లీలు మాత్రం మిక్సీల ఎయ్య.
పాత తువ్వాల్ల మూటగట్టి
రోకటిబండతోని రెండే దెబ్బలు.
పలుకు పలుకుగ ఉండాలె, పంటికి తాకాలె.
మణ్యెమ్మత్త నేర్పిన కాడికి నాకొచ్చింది గదే.

మణ్యెమ్మత్త సర్వపిండికి
నాలుగున్నర బొక్కలుంటుండె.
పిండిని సర్వ అడుగుకు, అంచులకు ఒత్తి
చెయ్యి బాతుకాలు లెక్క పరిచి
ఒక్కపారే పొడుస్తుండె.
చూపుడువేలు సగానికే ఉండె ఆమెకు.
నాలుగు బొక్కలల్ల నూనె సుర్రుమంటుంటె
ఐదోది ఉత్త సొట్ట.
ఆడ నూనె నిలువది,
ఆడనే జర మాడుతది.
ఆ మాడిన ముక్క కోసరం
నేను, కుర్మయ్య జుట్లు పట్టుకునేటోళ్లం.

వేలు యాడవోయిందత్తా అంటే
ఒకనాడు "ఎలుక కొరికింది" అంటుండె.
ఇంకోనాడు నన్నే సూపిచ్చి
"ఇగో, దీనికి పండ్లొచ్చేటప్పుడు" అంటుండె.
శానా దినాలు నమ్మిన.
అద్దంల నోరు తెరిచి
నా పండ్లు నేనే సూసుకొని భయపడ్డ.

ఒక ఏడు యాదికుంది.
నాకు నాలుగేండ్లు నిండినయో లేదో.
బతుకమ్మ పండుగ అయిపోయింది,
మా ఇంట్ల ఎన్నడు లేనన్ని పల్లీలు.
నిండు గోనెబస్తా,
మూతి సుతిలితోని కుట్టి ఉన్నది.
పొద్దుగాల ఏంచినయి, పగటీలి బెల్లంల కలిపినయి,
రాత్రి తొక్కుల నూరినయి.
సర్వపిండిల పిండి కంటె పల్లీలే ఎక్కువ.
ముక్క ఇరుస్తుంటె జలజల రాలేవి,
కోడి మా కాళ్ల నడుమ తిరిగేది.
అంత రుచి మళ్ల ఎన్నడు దొరకలే.

అమ్మ చెప్పింది ఎన్నో ఏండ్లకు,
చాటల రాళ్లేరుకుంట, చాట దిక్కే సూసుకుంట.
వనపర్తి కాడ పల్లికాయ మిల్లుల
అత్త కూలికి పోతుండెనంట.
మిషన్ల చెయ్యి పడ్డదంట.
సేటు మంచోడేనంట, దవాఖాన పైసలిచ్చి
మీదికెల్లి ఒక బస్తా పల్లీలు
ఆటోల ఏసి పంపిండంట.
ఆ పండుగకు అత్త ఎడమచేత్తోనే పిండి పిసికిందంట.
కుడిచేతికి తెల్లబట్ట చుట్టి ఉండెనంట.

ఆ బట్ట నాకు యాదిలేదు.
పల్లీలు యాదికున్నయి.

కుర్మయ్య మొదటిది తిరగేసి సూసిండు.
"ఐదున్నయే" అన్నడు.
చేతులు కడుక్కొచ్చిండు, ఇంకోటి నేనొత్తుత అని.
సర్వ ఇంక కాలుతనే ఉంది,
నీళ్ల తొట్టిల ముంచితె సుయ్యిమన్నది.
పిండి ఒత్తి, చూపుడువేలు మడిచి
కణుపుతోని ఒత్తిండు.
బొక్కా కాలే, సొట్టా కాలే,
కారం పడ్డ ఏడుపుమొగం లెక్కయింది.
ఇద్దరం నవ్వినం. ఇంక నవ్వలే.

"బస్తా అంటే ఎన్ని కిలోలక్కా?"

ఎవరడిగిన్రు? ఎవరు తూచిన్రు?
దీపావళి దాటకముందే
మనమిద్దరం తినొడగొట్టినం గదరా.

మూడోది నేనే ఒత్తిన.
ఐదు వేళ్లు, ఐదు బొక్కలు.
నూనె నిండ పోసి మూత పెట్టిన.
వాన ఇంక పడుతనే ఉన్నది.