షోర్ పాస్

సొహార్ రేవులో మా ఓడ ఇనపరాయి ఎత్తుకుంటోంది.
ఒక చేతిలో రాత్రి పదింటి దాకా చెల్లే కాగితం,
ఇంకో చేతిలో నాలుగు గిన్నెల స్టీలు కేరేజీ.

తెల్లారగట్ట నాలుగింటికే ఎండు నెత్తళ్ళు వేయించాను.
చీఫ్ ఇంజనీరు ముక్కు మూసుకుని వంటగదిలోకొచ్చి
ఏం చచ్చిందని అడిగాడు.
ఏదీ చావలేదు సార్,
మావోళ్ళని చూడబోతున్నా, అన్నాను.

గేటు దగ్గర ఒమానీ కాపలా కుర్రాడు మూత తీశాడు.
వాసనకి మొహం విప్పారి "కాషా!" అన్నాడు.
వాళ్ళమ్మ కూడా ఎండబెడుతుందట.
సంచీ వెతకడం మానేసి
రెండు చేపలు నోట్లో వేసుకుని పంపించాడు.

కార్నిష్ మీద దూరంగా ఇద్దరు.
కూర్మారావు ఇప్పటికీ తెప్ప మీద ఉన్నట్టే
కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు.
పక్కన, జుట్టంతా రాలిపోయి, దుర్యోధన.

"ఏటిరా, లావైపోనావు!"
"ఓడ తిండి రా."
"మరి మాకేటి తెచ్చినావు?"

అంతే. పద్నాలుగేళ్ళుగా దాచుకున్న మాటలు
అక్కడితో అయిపోయాయి.
ముగ్గురం సముద్రానికి ఎదురుగా కూర్చున్నాం.
కెరటం ఉత్త సోమరిది, మా బారువ కెరటం కాదు.
ఇక్కడా పొద్దు నీళ్ళలోంచే లేస్తాదిరా,
అదొక్కటే నయం, అన్నాడు కూర్మారావు.

ఉద్దానం వాళ్ళం.
బాగున్నావా అని అడగం.
"ఎంతుంది?" అంటాం.
క్రియాటినిన్ అని వేరే చెప్పక్కర్లేదు.
నాది ఒకటి. కూర్మారావుది ఒకటింబావు.
దుర్యోధన పళ్ళెంలోకి వంగి
ముల్లు తీస్తున్నట్టు చాలాసేపు వేళ్ళు కదిపి
"ఈ ఏడు సూపించలేదురా" అన్నాడు.

నెత్తళ్ళకి ఎవరూ ముల్లు తియ్యరు.

రాత్రంతా షట్‌డౌన్ డ్యూటీలో వెల్డింగు చేసి
రెండు బస్సులు మారి వచ్చాడు.
మూడో ముద్దకి కళ్ళు మూతలు పడ్డాయి.
నాలుగోది పిడికిట్లోనే ఉండిపోయింది.
కూర్మారావు ఆ వేళ్ళు విప్పి, కడిగి,
తువ్వాలు మడిచి తలకింద పెట్టాడు.

లేపుదామా, అన్నాను.
ఉండనీ, అన్నాడు.

జీడితోట కాపలాకి ముగ్గురం వెళ్ళేవాళ్ళం.
ఎలుగ్గొడ్డు వస్తుందని
తెల్లార్లూ రేకుడబ్బా కొడుతూ వీడొక్కడే మేలుకునేవాడు.
ఆ చప్పుడుకే మాకు నిద్దరపట్టేది.

మగ్రిబ్ పిలుపు అయింది. దీపాలు వెలిగాయి,
ఒకటి సరిగ్గా వాడి మొహమ్మీద.
కూర్మారావు చెయ్యి అడ్డుపెట్టాడు.
వాడి చెయ్యి లాగేసినప్పుడు నేను పెట్టాను.
అలా మార్చుకుంటూ రెండు గంటల పైన.
మలయాళీ కుర్రాడు మూడు చాయలు తెచ్చాడు,
మూడోదాని మీద మీగడ కట్టింది.

"వచ్చే నెల ఈడి కార్డు రెన్యువల్," గొంతు తగ్గించాడు కూర్మారావు.
"మెడికలుంటాది. నెంబరు ఈడికి తెలుసురా. నాకు సెప్పడు."

ఏ ఎలుగూ రాలేదు.

ఎనిమిదిన్నరకి ఉలిక్కిపడి లేచాడు.
"ఓడెల్లిపోనాదేటి?"
"లేదురా."
చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగి
"ఎంతసేపు తొంగున్నాన్రా?"
"రెండు నిమిషాలు," అన్నాం ఇద్దరం ఒక్కసారే.
నమ్మినట్టు మొహం పెట్టాడు.

కేరేజీ తనే కడిగాడు.
ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా,
జేబులన్నీ తడిమి, ఏదీ దొరక్క,
వెల్డింగు నల్లద్దం ముక్క ఒకటి అందులో వేసి మూత పెట్టాడు.

మర్నాడు ఒడ్డు కనిపించనంత దూరంలో
ఆ అద్దం కంటికి పెట్టుకుని పొద్దుని చూశాను.
చిన్న పచ్చటి బొత్తాం.
కళ్ళు చికిలించకుండా ఎంతసేపైనా చూడొచ్చు.

పదిహేను రోజులకి ఏదో రేవు దగ్గర సిగ్నలొచ్చింది.
దుర్యోధన మెసేజీ:
"ఆ రోజు ఎన్ని కబుర్లు సెప్పుకున్నాం రా!"
ఔన్రా, అని కొట్టాను.
ఎంతుంది, అని కొట్టి
చెరిపేశాను.