ఒళ్ళో పెట్టిన అట్ట

కొండ దిగినోళ్ళ బస్సే ఎక్కుతాడు వాడు.
కొండకు పోయేవాళ్ళ జోలికి పోడు,
వాళ్ళ ముడుపుల ముడి ఇంకా విప్పలేదని తెలుసు.
దర్శనమైపోయి, గుండు మీద గంధం ఆరతా ఉండగా
మనిషి చెయ్యి ఎట్ల వదులవుతుందో
పద్దెనిమిదేళ్ళుగా టికెట్లు కొట్టే నాకంటే
వాడికే బాగా తెలుసు.

తిరుపతి బస్టాండులో, చిత్తూరు బస్సు కదిలే ముందు,
మొగిలప్ప టీ గ్లాసు కిటికీలోంచి తిరిగిచ్చే
ఆ రెండు నిమిషాల్లో
ఒక్కొక్కరి ఒళ్ళో ఒక చెనిక్కాయ చిక్కీ పొట్లం,
దాని మీద ప్లాస్టిక్కు తొడిగిన అట్ట.
"నాకు మాటలు రావు. మా అమకు రెండు కిడ్నీలు పోయినాయి.
ఇరవై రూపాయలిచ్చి ఆదుకోండి."
వెనక్కి నడిచిపోతాడు. ముందుకు నడిచొస్తాడు.
ఎవరి బిడ్డనో ఒళ్ళో పెట్టినట్లుంటుంది,
తీసి పక్కన పెట్టడానికి చేతులు రావు.

పోయినేడు ఆ అట్ట ఇంకొకడి చేతిలో చూసినా.
అదే రాత, అదే విరిగిన మూల.
అమ్మకు ఒత్తు అప్పుడూ లేదు.

ఆ చిక్కీ ఒకసారి తిన్నా నేను.
విప్పితే ముక్కిన వాసన,
కాయలో పురుగు తొలిచిన పొడి,
తేదీ వెయ్యాల్సిన చోట వినాయకుడి బొమ్మ.

"వద్దమ్మా" అన్నా ఒకామెతో. పదకొండో సీటు, ఊరు గుడియాత్తం.
హుండీలో చెయ్యి పెట్టినోణ్ణి చూసినట్లు చూసింది.
రెండు పొట్లాలు కొనింది. ఒకటి బిడ్డకు విప్పిపెట్టింది.
ఐతేపల్లి దాటినప్పటి నుంచి పూతలపట్టు దాకా
ఆ బిడ్డ కక్కతానే ఉండింది,
నేను ఇసక బకెట్టు పట్టుకోని నిలబడినా.
"చెప్పినా గదా" అనేది నోటిదాకా వచ్చింది.
కక్కే బిడ్డ ముందర అనే మాట కాదది. మింగినా.

ప్లాట్‌ఫాం చివర్న దొరసానెమ్మ.
గోనెపట్టా కింద ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఆవిరి.
పది అడుగులు. ఎవరూ దిగరు.
ఒకనాడు నేనే అన్నా, "అవ్వా, నువ్వూ ఏదో ఒకటి చెప్పు.
మొగుడు సచ్చిపోయినాడను."
"ఆయనకేమబ్బా, అద్దో, గోడ నీడన గుర్రు పెడతా ఉండాడు.
చెప్పాల్సింది కాయ చెప్తాది. ఒలిచి చూడు."
డబ్బా నిండుగా కొలిచింది.
దుడ్లు మాత్రం ఒక్క రూపాయి వదల్లా.

మొన్న శనివారం టైరు పంక్చరు. అరగంట ఆలస్యం.
వాడు సంచీ భుజానికేసుకోని దిగినాడు.
ముప్పై పొట్లాలకు తక్కువుండవు దాంట్లో.
ఆకలి వాడికీ ఉంటాది గదా,
ఒక్కటీ విప్పలేదు.
నేరుగా దొరసానెమ్మ దగ్గరికి పోయి, పది నోటు చాచి,
మా వీధి పిలకాయలు అడిగినట్లే అడిగినాడు:
"అవ్వా, కొసరెయ్యి. నిన్న ఉప్పు తక్కువైంది."

నిన్న!

తిరిగి నన్ను చూసినాడు.
నేను టికెట్ల మిషను పట్టుకోని అట్లే నిలబడినా.
ఏం అనుకున్నాడో, మళ్ళీ మూగోడై,
గుప్పెడు కాయలు నా చేతిలో పోసినాడు.
వేడిగా ఉండాయి. ఉప్పు సరిపోయింది.

ఇప్పుడు బస్సు కదిలేముందు నేనే అరుస్తా,
"రెండు నిమిషాలు టైముంది, చివర్న అవ్వ దగ్గర మంచి కాయలు."
నలుగురు దిగతారు. ఒక్కోరోజు ఒకరే.
మిగిలినోళ్ళు ఒళ్ళోని అట్ట చదువుకుంటా ఉంటారు.

వాళ్ళ అమ్మ సంగతి మాత్రం వాణ్ణి అడగలేదు.
అట్టలో ఉండేదే చెప్తాడని కొంత.
నిజమైతే ఏం చెయ్యాల్నో తెలీక కొంత.