ఏడు గజాలు

మూడు వంతెనల కింద మురుగు దాటి వచ్చాను.
కోర్టు కాగితంలో ఒక్కటే ఆనవాలు:
"పొగాకు కంపెనీ గోడకు తూర్పుగా ఏడు గజాలు."
కంపెనీ లేదు. గోడా లేదు.
లేని గోడ నుంచి ఎలా కొలవను
సువార్తమ్మా?

అడుగులు లెక్కబెట్టుకుంటూ పోతే
పంక్చర్ షాపు నీళ్లతొట్టి దగ్గర లెక్క తెగింది.
మస్తాన్‌వలి ట్యూబు ముంచుతున్నాడు,
చిల్లు ఎక్కడుందో బుడగలు చెప్పేస్తున్నాయి.

పూలు తేలేదు.
తెస్తే జనం పోగవుతారు, ఫోన్లు తీస్తారు,
నువ్వడిగిన మూడణాల కూలి మాట
ఎవరూ ఎత్తరు.

చెప్పులో రాయి పడ్డట్టు వంగాను.
రాయి ఒకదాన్లోనే కదా,
రెండూ విప్పాను.
గుంటూరు మే నెల. అరికాళ్లు చుర్రుమన్నాయి.
నువ్వు కేకేసినంతసేపు నిలబడదామనుకున్నా,
అదెంతసేపో
ఏ సాక్షీ చెప్పలేదు.

"ఏం పోయిందండీ?"
"ఏం లేదు."

అతను తొట్టిలో చెంబు ముంచి
నా కాళ్ల చుట్టూ నీళ్లు చల్లాడు.
"పోయినేడు కూడా ఇదే ఎండలో
ఒక ముసలామె ఇక్కడే చెప్పులిప్పింది.
ఏం లేదనే అంది."